ముక్క తియ్యకుండా లివర్ సంగతి తెలుస్తుందా?

ప్రశ్న: మా ఆయనకు 45 ఏళ్లు. రక్తదానం చేయబోతే హెపటైటిస్ బి ఉందని బయటపడింది. రిపోర్టులో ఎస్‌జీవోటీ 50, ఎస్‌జీపీటీ 64, ప్లేట్‌లెట్లు లక్షా 60 వేలు. లివర్ గట్టిపడిందో లేదో తెలియాలంటే ముక్క తీసి చూడాల్సిందేనని బంధువు ఒకాయన అన్నాడు. అప్పట్నుంచి ఈయన ఆసుపత్రి మాటెత్తితేనే టెన్షన్ పడుతున్నారు. రక్తపరీక్షతో తేలదా?
- ఒక సోదరి, కావలి

జవాబు: చాలామందికి ముక్క తీయాల్సిన పని లేదమ్మా, ఆ మాట ముందు ఆయనకు చెప్పండి. తొలి అంచనాకు కావాల్సినవన్నీ మీ చేతిలో ఉన్న రిపోర్టులోనే ఉన్నాయి.

ఎస్‌జీవోటీ, ఎస్‌జీపీటీ అంటే లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైములు. ల్యాబ్ వాళ్లు ఎస్‌జీవోటీకి రాసిన గరిష్ఠ పరిమితి 40 అనుకుంటే, 50ని 40తో భాగిస్తే 1.25 వస్తుంది. దాన్ని ప్లేట్‌లెట్లతో, అంటే 160 వేలు కాబట్టి 160తో భాగించి, వందతో గుణిస్తే 0.78. దీన్ని ఏప్రి అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సూచనల ప్రకారం హెపటైటిస్ బి ఉన్న పెద్దవాళ్లలో ఇది 0.5 దాటితే లివర్‌లో చెప్పుకోదగ్గ మచ్చలు ఉండొచ్చని, మందులు మొదలుపెట్టే విషయం చూడాలని అర్థం. 1 దాటితే సిరోసిస్, అంటే మచ్చలు ముదిరి లివర్ అంతా గట్టిపడిపోవడం, ఉందేమోనని చూస్తారు. వయసు, ఎస్‌జీపీటీ కూడా కలిపి కట్టే ఫిబ్-4 అనే లెక్క ఇంకోటి ఉంది. మీ ఆయనకు అది సుమారు 1.76. 1.45 లోపుంటే ముదిరిన మచ్చలు లేనట్టే, 3.25 పైనుంటే ఉన్నట్టే అనుకుంటారు, ఈయనది మధ్యలో పడింది, అంటే ఈ లెక్కతో ఎటూ తేలలేదు.

ప్లేట్‌లెట్లకూ లివర్‌కూ ఏం సంబంధమంటారా? లివర్ గట్టిపడితే లోపలికి వచ్చే రక్తానికి దారి ఇరుకై వెనక్కి తన్నుతుంది, దాంతో ప్లీహం ఉబ్బి ప్లేట్‌లెట్లను తనలోనే పట్టి ఉంచేసుకుంటుంది. అయితే డెంగీ జ్వరంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, మద్యం తాగినా కామెర్లు వచ్చినా ఎస్‌జీవోటీ పెరుగుతుంది, అలాంటప్పుడు తీసిన రిపోర్టుతో ఈ లెక్క కడితే లేని భయం పుడుతుంది. ఒంట్లో కుదురుగా ఉన్నప్పుడు మళ్లీ చేయించి చూడాలి. ఇకముందు ఎప్పుడైనా ఎస్‌జీపీటీ నార్మల్‌గా వచ్చింది కదా అని ఊరుకోవడం కూడా తప్పే, లోపల మచ్చలు పెరుగుతున్నా అది మామూలుగానే కనబడొచ్చు.

మీరు ఇప్పుడు చేయాల్సింది ఫైబ్రోస్కాన్. పక్కటెముకల మీద పరికరం ఆనించి లివర్ ఎంత గట్టిగా ఉందో కొలుస్తారు, కోత లేదు, భోజనం చేసి మూడు గంటలు దాటాక వెళ్తే చాలు. ఆ కొలత 7 కిలోపాస్కల్స్ దాటితే చెప్పుకోదగ్గ మచ్చలు, 12.5 దాటితే సిరోసిస్ ఉన్నట్టు లెక్క. దాంతో పాటు రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే హెపటైటిస్ బి డీఎన్ఏ పరీక్ష. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం, నెల్లూరు పెద్దాసుపత్రిలో అడగండి. ఈలోగా ఎవరు చెప్పినా ఆకు పసరు మాత్రం తాగించొద్దు, ఉన్న లివర్ పాడవుతుంది.

మీరూ పిల్లలూ కూడా హెపటైటిస్ బి ఉందో లేదో చెప్పే హెచ్‌బీఎస్ఏజీ పరీక్ష చేయించుకోండి. లేదని తేలి, ఇదివరకు టీకా వేయించుకోనివాళ్లుంటే వెంటనే మొదలుపెట్టండి.