వెనక చక్రం నట్టు గురించి అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నిన్న నువ్వు ఫోన్ పెట్టేశాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. గుంటూరులో ట్యూబు మార్పించుకుని బయలుదేరావు. కాజ దాటాక బండి వెనక ఊగుతుంటే దిగి చూశావు, చక్రం మధ్యలోంచి వెళ్లే ఇరుసు, అదే యాక్సిల్, దాని నట్టు చేత్తోనే తిరిగింది. హైవే మీద లారీల మధ్య ఆ చక్రం పక్కకు జరిగి ఉంటే ఏమయ్యేదో తలుచుకోలేను. దిగి చూసి మంచి పని చేశావు. కానీ "ఇక ఏ మెకానిక్‌నీ నమ్మను, అన్నీ నేనే చేసుకుంటాను" అన్నావే, అది విని భయం వేసింది.

నీ కోపం న్యాయమే. ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కొట్లో ఇన్నేళ్లు కూర్చున్నవాణ్ణి, ఇలాంటివి చాలా విన్నాను. నట్టు ఊడిపోకుండా అడ్డం వేసే స్ప్లిట్ పిన్ను చాలా చవక వస్తువు. తీసేటప్పుడు విరుగుతుంది. కొత్తది చేతిలో ఉండదు, వెనక ఇద్దరు తొందరపెడుతుంటారు. పాతదాన్నే మళ్లీ వంచి పెడతారు, లేదంటే అసలు పెట్టరు. కొన్ని బళ్లకు పిన్ను బదులు లోపల నైలాన్ రింగున్న నట్టు వస్తుంది. పదిసార్లు విప్పి బిగిస్తే ఆ రింగు పట్టు కూడా పోతుంది.

ఇక నా సంగతి విను. ఇది మీ అమ్మకు కూడా చెప్పలేదు. నీలాగే నేనూ ఒకసారి పంతానికి పోయి, పటమటలో ఇంటి ముందే వెనక చక్రం విప్పి బ్రేక్ షూలు మార్చాను. ఆ షూలు కూర్చునే బ్రేకు ప్లేటును కదలకుండా స్వింగ్ ఆర్మ్‌కు, అంటే వెనక చక్రాన్ని మోసే చట్రానికి, పట్టి ఉంచే కడ్డీ ఒకటి ఉంటుంది. మధ్యలో ఎవరో పిలిస్తే లేచి వెళ్లి, తిరిగొచ్చి దాని నట్టు పెట్టడం మరిచిపోయాను. సాయంత్రం పాపను ముందు కూర్చోబెట్టుకుని బెంజ్ సర్కిల్ దగ్గర బ్రేకు తొక్కాను. ప్లేటు చక్రంతోపాటు తిరిగి, బ్రేకు రాడ్డు వంగి, చక్రం పట్టేసింది. ఇద్దరం పడ్డాం. పాప మోచేతి మీద మచ్చ ఎలా వచ్చిందని నువ్వు చిన్నప్పుడు అడిగేవాడివి, గుర్తుందా? ఆ రోజు తిట్టడానికి నాకు మెకానిక్ కూడా లేడు.

అందుకని చక్రం మీద ఎవరు చెయ్యి వేసినా, అది నీ చెయ్యే అయినా, బండి కదిలే ముందు ఇంకోసారి చూడు. సెంటర్ స్టాండు వేసి చక్రాన్ని రెండు చేతులతో అటూ ఇటూ ఊపు. కటకటమంటే నట్టు వదులైనా అయుండాలి, బేరింగ్ అయినా పోయుండాలి. పిన్ను రెండు కాళ్లూ విడదీసి వంచారా లేదా చూడు. ఆ కడ్డీ నట్టు చూడు. చక్రాన్ని తిప్పి, బ్రేకు తొక్కి వదులు. నట్టు సరిగ్గా బిగిశాక దాని మీద నుంచి యాక్సిల్ మీదకు గోళ్ల రంగుతో ఒక గీత గియ్యి. మీ అత్తయ్య సీసా ఒకటి నా టూల్ బాక్సులోనే ఉంటుంది. గీత విరిగి కనబడితే నట్టు కదిలినట్టే.

చైను బిగించుకోవడం నేర్చుకో. కానీ దానికి కూడా ఆ యాక్సిల్ నట్టే వదులు చేయాలి, చాలామంది ఇది తేలిక పని అనుకుంటారు. స్వింగ్ ఆర్మ్ మీద కొలత గీతలుంటాయి, యాక్సిల్ రెండు వైపులా ఒకే గీత దగ్గర ఉండాలి, లేకపోతే చక్రం వంకరగా నిలుస్తుంది. చక్రం వెనక్కి జరిగితే బ్రేకు కూడా బిగుస్తుంది, దాన్నీ సరిచేయాలి. నట్టు ఎంత బిగించాలో మాన్యువల్‌లో రాసుంటుంది, ఆ లెక్కకు టార్క్ రెంచ్, అంటే బిగింపు కొలిచే పానా, కావాలి. పానా మీద కాలేసి తొక్కొద్దు.

గాలి మాత్రం పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడే చూసుకో. మన రోహిణి కార్తె ఎండలో ఇంత దూరం వచ్చాక చూస్తే ఎక్కువే చూపిస్తుంది. ఎక్కువైందని తీసేస్తే చల్లారాక తక్కువవుతుంది.

బేరింగులు, రిమ్ము వంకర, స్పోకులు బిగించడం నీ పని కాదు, నా పనీ కాదు. వాటికి చెయ్యి తిరిగిన మనిషి ఉండాలి. పక్కన నిలబడి చూస్తానంటే విసుక్కోని మెకానిక్‌ను వెతుక్కో. నిన్న ట్యూబు మార్చిన కుర్రాడి దగ్గరికి కూడా వెళ్లి ఏం జరిగిందో నెమ్మదిగా చెప్పు. రేపు ఇంకొకరి బండి అతని చేతికే వస్తుంది.

ఆదివారం బస్సులో రా, బండి అక్కడే ఉండనీ. పిన్ను ఉంటే అది పట్టుకురా. సైజు చూసి అరడజను ఇప్పిస్తాను.

మీ మామయ్య