కొలనోస్కోపీ మందు: రెండు లీటర్లూ ఒక్కపూటే తాగక్కర్లేదు

కొలనోస్కోపీకి (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్షకి) ముందు పేగు శుభ్రపడడానికి తాగే ఆ రెండు లీటర్ల మందు తన వల్ల కాదని మీ నాన్నగారు అంటున్నారని, తేలిక దారేమైనా ఉందా అని అడిగారు. ఉందండీ. నేను రెండు రకాలుగానూ తాగాను కాబట్టి చెబుతున్నాను.

మొదటిసారి మొత్తం సాయంత్రమే తాగేయమన్నారు. సగం దాటేసరికి కడుపు ఉబ్బిపోయి వాంతయింది. తర్వాత కాకినాడలో చూపించుకుంటే డాక్టరుగారు సగం ముందురోజు సాయంత్రం, మిగతా సగం పరీక్ష రోజు తెల్లవారుజామున తాగమన్నారు. మందు అదే, నీళ్లూ అంతే, కానీ ఎంత తేడానో! పేగు కూడా ఇలాగే బాగా శుభ్రపడుతుంది. రాత్రి కడిగినా, తెల్లారేలోగా చిన్నపేగు నుంచి పసరు దిగి కుడివైపు పెద్దపేగులో మళ్లీ చేరుతుంది. ఉదయం తాగే సగం దాన్ని కడిగేస్తుంది. మీ డాక్టరుగారిని ఇలా రాయమని అడగండి. చివరి గ్లాసు ఎన్నింటికల్లా అయిపోవాలో కూడా కనుక్కోండి.

పొడి కలిపి బాటిళ్లలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. చల్లగా ఉంటే ఆ ఉప్పటి జిడ్డు రుచి అంతగా తెలియదు. పావుగంటకో గ్లాసు, స్ట్రాతో. గ్లాసు అయ్యాక నిమ్మచెక్క నాలిక్కి రాసుకుంటే వికారం తగ్గుతుంది. మందులో పంచదార, ఉప్పు కలపొద్దు, నీళ్లు తగ్గించొద్దు. మాటిమాటికీ విరేచనమై మలద్వారం మంటెక్కకుండా మొదటి నుంచే అక్కడ కొబ్బరినూనె రాసుకోమనండి.

అసలు పని రెండు మూడు రోజుల ముందే మొదలవ్వాలి. పనసపొట్టు కూర, తోటకూర, తేగలు, జామకాయలు, గింజలున్నవి ఏవీ వద్దు. తెల్లన్నం, పెరుగు, ఇడ్లీ, ఉడికించిన గుడ్డు చాలు. పరీక్షకి ముందురోజు వడగట్టిన చారుతేట, కొబ్బరినీళ్లు, పాలు లేని టీ. కిడ్నీ జబ్బుంటే కొబ్బరినీళ్లు అడక్కుండా ఇవ్వొద్దు. షుగర్ మందులు, రక్తం పలచబడే మందులు, ఐరన్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి.

మీది రాజోలు వైపు అన్నారు. తెల్లవారుజామున మందు తాగి బస్సెక్కడం కుదరని పని. ముందురోజే వచ్చి హాస్పిటల్ పక్కన, గదిలోనే బాత్రూం ఉన్న లాడ్జిలో దిగండి. ఆ టెన్షన్ పోతే పెద్దాయనకి సగం భారం తగ్గుతుంది.

ఉదయానికి విరేచనం లేత పసుపు నీళ్లలా తేటగా రావాలి. ఇంకా మడ్డిగా వస్తుంటే లోపలికి తీసుకెళ్లకముందే నర్సుకి చెప్పండి.