పాట 25 వేల డాలర్లకు, బిల్లు 32 వేలకు

ప్రశ్న: మేం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. నాకు 43 ఏళ్లు. నేనూ మా ఆవిడా ఇద్దరం ఐటీ ఉద్యోగాల్లో ఉన్నాం. మా అబ్బాయికి పదకొండేళ్లు, లిటిల్ లీగ్‌లో ఆడతాడు. వాడి పుణ్యమా అని నాకూ పాత బేస్‌బాల్ కార్డుల పిచ్చి పట్టింది. వచ్చే నెల ఒక ఆన్‌లైన్ వేలంలో 1955 నాటి టాప్స్ కంపెనీ కార్డు, రాబర్టో క్లెమెంటె అనే ఆటగాడి రూకీ (మొదటి సీజన్) కార్డు వస్తోంది, కార్డుల నాణ్యతకు పదికి మార్కులేసే పీఎస్‌ఏ సంస్థ దానికి గ్రేడ్ 8 ఇచ్చింది. 25 వేల డాలర్ల దాకా పాడదామనుకుంటున్నాను. బోనస్ డబ్బు 12 వేలు చేతిలో ఉంది. మిగతాది ఇంటి మీదున్న హోమ్ ఈక్విటీ లైన్ నుంచి తీస్తాను. ఐఆర్‌ఏ (రిటైర్మెంట్ ఖాతా) డబ్బుతో కూడా కొనొచ్చని ఆఫీసులో ఒకాయన అన్నాడు. 50 వేలకు కొన్న మిక్కీ మాంటిల్ అనే ఆటగాడి కార్డు కోటీ 26 లక్షల డాలర్లకు పోయిందట. బాబు కాలేజీకి వెళ్లేనాటికి ఇదీ పెరుగుతుంది కదా? మా ఆవిడకు ఇంకా చెప్పలేదు.

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికన్నా ఖరీదైన వాక్యం చివరిది. ముందు ఆవిడకు చెప్పండి. ఇంటి మీద అప్పు తీస్తున్నారు, ఆ ఇల్లు ఇద్దరిదీ. కార్డు ఇంటికి వచ్చాక చెబుదాంలే అనుకుంటే, ఆ రోజు మాటలు క్లెమెంటె గురించి నడవవు.

ఇక లెక్కలోకి వద్దాం. 25 వేల దాకా పాడతానన్నారు. మీరు పాడి గెలిచిన ధర మీద వేలం సంస్థ తన వాటా వేస్తుంది, దాన్నే బయ్యర్స్ ప్రీమియం అంటారు. కార్డుల వేలాల్లో ఇది 20 శాతం, ఆ చుట్టుపక్కల ఉండటం మామూలే. మీ వేలం నిబంధనల్లో ఎంతని రాశారో చూసుకోండి. 20 శాతమే అనుకుంటే 25 వేలు కాస్తా 30 వేలవుతుంది. దాని మీద న్యూజెర్సీ సేల్స్ ట్యాక్స్ 6.625 శాతం, అంటే ఇంకో 1,987 డాలర్లు. మొత్తం 31,987. పార్శిల్, దాని ఇన్సూరెన్స్ వేరే.

ఇప్పుడు ఇదే కార్డును మర్నాడే అమ్మకానికి పెట్టారనుకోండి. మళ్లీ 25 వేల దగ్గరే పాట ఆగింది. అమ్మినందుకు సంస్థ 5 శాతం కమీషన్ తీసుకుంటే మీ చేతికొచ్చేది 23,750. కార్డు ధర ఒక్క డాలరు కూడా తగ్గకుండానే మీకు 8 వేలకు పైగా పోయాయి. పెట్టిన డబ్బు పెట్టినట్టు వెనక్కి రావాలంటే ఆ కార్డు పాట 33,670 దాకా వెళ్లాలి. అంటే దాదాపు 35 శాతం పెరిగితే మీరు సున్నా దగ్గర నిలబడతారు. లాభం అక్కడి నుంచి మొదలు.

ఆ లాభం మీద పన్ను ఉంది. ఏడాదికి మించి ఉంచుకున్న షేర్లు అమ్మితే ఫెడరల్ పన్ను ఎక్కువలో ఎక్కువ 20 శాతం. కార్డులు, నాణేలు, బొమ్మల్లాంటివి ఐఆర్ఎస్ లెక్కలో కలెక్టిబుల్స్, వాటికి గరిష్ఠంగా 28 శాతం. ఏడాది లోపల అమ్మితే మామూలు జీతానికి పడే పన్నే. దీనిపైన రాష్ట్రం పన్ను కూడా. అదే నష్టం వస్తే, సరదాకి కొనుక్కున్న వస్తువని తేలితే దాన్ని పన్నులో చూపించుకోవడానికీ లేదు. కొన్న రసీదు, ప్రీమియం, ట్యాక్స్ బిల్లులు అన్నీ దాచుకోండి. పదేళ్ల తర్వాత మీ ఖరీదు ఎంతో రుజువు చేయాల్సింది మీరే.

మీ ఆఫీసు మిత్రుడి సలహా మాత్రం వినకండి. ఐఆర్‌ఏ డబ్బుతో కార్డు కొంటే, ఆ డబ్బు మీరు ఖాతాలోంచి బయటికి తీసేసినట్టే చట్టం లెక్కేస్తుంది. మామూలు ఐఆర్‌ఏ అయితే ఆ మొత్తం ఆ ఏటి ఆదాయంలో కలుస్తుంది, 59న్నర ఏళ్లు నిండలేదు కాబట్టి పైన 10 శాతం అదనపు పన్ను. హోమ్ ఈక్విటీ లైన్ కూడా వద్దు. ఇల్లు కొనడానికో, కట్టడానికో, బాగుచేయడానికో వాడితే తప్ప ఆ వడ్డీకి పన్ను మినహాయింపు లేదు. పైగా దాని వడ్డీ రేటు మారుతూ ఉంటుంది. కార్డు మీకు నెలనెలా ఒక్క సెంటు ఇవ్వదు, బ్యాంకు మాత్రం నెలనెలా అడుగుతుంది.

మాంటిల్ కార్డు మాట నిజమే. 1952 టాప్స్, 311వ నంబరు. 1991లో 50 వేల డాలర్లకు కొన్నాయన 2022 ఆగస్టులో వేలానికి పెడితే ఒక కోటి 26 లక్షలు పలికింది. ఏడాదికి సగటున 19 శాతం పైచిలుకు, 31 ఏళ్ల పాటు. వింటే ఎవరికైనా నోరూరుతుంది. కానీ అది పీఎస్‌ఏ లాంటిదే అయిన ఎస్‌జీసీ సంస్థ 9.5 గ్రేడ్ ఇచ్చిన కార్డు, ఆ కార్డుల్లో అంత శుభ్రంగా మిగిలినవి చాలా కొద్ది. ఆ సిరీస్ ఎందుకు అరుదైందో కూడా తెలుసుకోండి. 1952లో టాప్స్ ఆఖరి విడత కార్డులను సీజన్ చివర్లో వదిలింది. అప్పటికి పిల్లలు ఫుట్‌బాల్ వైపు మళ్లారు. సరుకు గోదాముల్లో పేరుకుపోయింది. ఆ కార్డులను తయారుచేసిన సై బెర్గరే 1960లో వాటిని పడవకెత్తించి అట్లాంటిక్‌లో పారబోయించాడు. అమ్ముడుపోని చెత్త అనుకున్నారు కాబట్టే మిగిలినవాటికి ఇంత విలువ. దీనికి తిరగేసిన కథ 1980ల చివర్లో జరిగింది. కార్డులు పెట్టుబడి అని అందరికీ తెలిసిపోయి, కంపెనీలు లెక్క లేకుండా అచ్చేసి, కొన్నవాళ్లు ఒక్కటీ పారేయకుండా అట్టపెట్టెల్లో దాచారు. ఆ పెట్టెలు ఇవాళ్టికీ అమెరికా గరాజుల్లో ఉన్నాయి, చాలావాటికి కొన్న ధర కూడా రాదు.

మీ క్లెమెంటె ఈ రెండింటికీ మధ్యలో ఉంటాడు. పేరున్న ఆటగాడు, గౌరవం ఉన్న మనిషి. కెరీర్‌లో సరిగ్గా 3,000 హిట్లు కొట్టి, 1972 డిసెంబర్ 31న నికరాగ్వా భూకంప బాధితులకు సాయం తీసుకెళ్తూ విమానం కూలి చనిపోయాడు. 1955 కార్డు మీద ‘రాబర్టో’ అని ఉంటుంది. తర్వాత చాలా ఏళ్లు టాప్స్ ఆయన్ని ‘బాబ్’ అని అచ్చేసింది. మన పేర్లను ఇక్కడ ఆఫీసుల్లో ఎలా కత్తిరిస్తారో తెలిసినవాళ్లం కదా, అందుకేనేమో ఆ కార్డంటే నాకూ ఇష్టం. మంచి కార్డు. కానీ కాలేజీ ఫీజు కట్టే కార్డు అని చెప్పలేను. కార్డుల ధరలు 2020, 2021ల్లో కోవిడ్ సమయంలో ఒక్కసారిగా ఎగిశాయి. ఎంతగా అంటే, జనం పంపిన కార్డుల కట్టలు తట్టుకోలేక 2021 వసంతంలో పీఎస్‌ఏ గ్రేడింగ్‌కు కొత్తగా కార్డులు తీసుకోవడం చాలావరకు ఆపేసింది. ఆ తర్వాత చాలా కార్డులు బాగానే దిగాయి. శిఖరం మీద కొన్నవాళ్లకు ఎదురుచూపులు మిగిలాయి.

మనకు వేలంవెర్రి అనే మాట ఉత్తినే పుట్టలేదు. బాలాపూర్ గణపతి లడ్డూ 1994లో 450 రూపాయలకు పోయింది, 2024లో 30 లక్షలు దాటింది. పాడినాయన దాన్ని పెట్టుబడి అనుకోలేదు. భక్తి, ఊళ్లో పరువు, ఆ సంతోషం, వాటికే డబ్బు కట్టాడు, లడ్డూ పంచిపెట్టాడు. ఆ మనిషికి తాను ఏం కొంటున్నాడో స్పష్టంగా తెలుసు. మీ దగ్గర నాకు కనిపించని స్పష్టత అదే. కొడుకుతో పంచుకునే సంతోషం కొంటున్నారా, కాలేజీ ఫీజా? రెంటికీ ఒకే 25 వేలు చాలవు.

గ్రేడ్ గురించి ఒక మాట. ప్లాస్టిక్ పెట్టెలో 8 అని ఉంటే నిశ్చింత అనుకుంటాం. పాతకాలపు బేస్‌బాల్ ఆటగాడు హోనస్ వాగ్నర్‌ది, టీ206 అనే సిరీస్‌లోని కార్డు కథ వినండి. పీఎస్‌ఏ సంస్థ గ్రేడ్ చేసిన మొట్టమొదటి కార్డు అది, గ్రేడ్ 8 ఇచ్చారు. 1991లో హాకీ ఆటగాడు వేన్ గ్రెట్స్కీ ఇంకొకరితో కలిసి 4,51,000 డాలర్లకు కొన్నాడు, 2007లో అది 28 లక్షలకు చేతులు మారింది. దాన్ని ఒకప్పుడు అమ్మిన బిల్ మాస్ట్రో అనే పెద్ద వేలందారు, కార్డు బాగా కనిపించేలా అంచులు కత్తిరించింది తానేనని 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు. తన వేలాల్లో ఉత్తుత్తి పాటలతో ధరలు పెంచిన సంగతీ అప్పుడే ఒప్పుకున్నాడు. 2015లో 20 నెలల జైలు పడింది. అందుకని గ్రేడ్ నంబరుతో సరిపెట్టుకోకుండా సర్టిఫికెట్ నంబరు పీఎస్‌ఏ సైట్‌లో కొట్టి ఫొటో సరిపోయిందో లేదో చూడండి. నాలుగు వైపులా తెల్ల అంచు సమానంగా ఉందా, మూలలు ఎలా ఉన్నాయి, ముఖం మీద గీత ఉందా, మీ కంటితో చూడండి. అడిగితే వేలం సంస్థలు పెద్ద ఫొటోలు పంపుతాయి. అదే గ్రేడ్ కార్డులు గత రెండేళ్లలో ఎంతకు పోయాయో చూడండి, ఆ ధరల్లో ప్రీమియం కలిపి ఉందో లేదో గమనించండి. సగం మంది ఇక్కడే పొరబడతారు.

వేలం రాత్రి సంగతి అన్నిటికన్నా ముఖ్యం. చాలా కార్డుల వేలాల్లో ఒక పద్ధతి ఉంది. రాత్రి పదింటికి మామూలు గడువు ముగుస్తుంది. ఆలోపు ఆ లాట్ (వేలానికి పెట్టిన వస్తువు) మీద ఒక్కసారైనా పాడినవాళ్లకే తర్వాత పాడే అవకాశం. అక్కడి నుంచి పావుగంటో, అరగంటో ఎవరూ పాడకపోతే లాట్ మూసేస్తారు. ఎవరైనా పాడితే గడియారం మళ్లీ మొదటికొస్తుంది. డాలస్‌లో నా క్లయింట్ ఒకాయన 9,000 అని పసుపు కాగితం మీద రాసి మానిటర్‌కు అంటించుకుని కూర్చున్నాడు. అర్ధరాత్రి దాటింది. ఇల్లంతా నిద్ర, ఫ్రిజ్ చప్పుడు, ఈయనా, పేరు తెలియని ఇంకొకరూ. ఒక్కో పాటకు పది శాతం పెరుగుతోంది. ‘ఇంకొక్కసారి, అంతే’ అనుకుంటూ 9,000 కొట్టేసి 10, అది కొట్టేసి 12. చివరికి 14,000. పొద్దున నాకు గెలిచానని మెసేజ్ పెట్టాడు. ఇన్‌వాయిస్ వచ్చాక ఫోన్ చేశాడు, అది 18 వేలు దాటింది. ఆ కాగితం ఇప్పటికీ ఆయన దగ్గర ఉంది, నాకు చూపించాడు. పాట పాడితే అది ఒప్పందమే, మనసు మారిందంటే కుదరదు.

మీకు నేను చెప్పేది ఇది. ఆరు నెలల ఇంటి ఖర్చు వేరేగా ఉందా? లేకపోతే ఈ 12 వేలు అందులోకే వెళ్తాయి, కార్డు వచ్చే ఏడు చూద్దాం. ఉంటే, 6 వేలు బాబు 529 ఖాతాలో, అంటే చదువుల పొదుపు ఖాతాలో వేయండి. అది కాలేజీ డబ్బు. మిగతా 6 వేలు కార్డు డబ్బు. పన్ను, ప్రీమియం కలిపి 6 వేలు దాటకూడదు కాబట్టి మీ పాట 4,600 దగ్గర ఆగాలి. ఆ డబ్బుకు గ్రేడ్ 8 రాదు. 4, 5 గ్రేడుల్లో, అంచులు సమానంగా ఉండి ముఖం మీద గీత లేని క్లెమెంటె కోసం ఓపిగ్గా వెతకండి. అదే 164వ నంబరు కార్డు, అదే రాబర్టో. మూలలు కాస్త అరిగి ఉంటాయి, అంతే. మీ అబ్బాయికి అరిగిన మూలలు కనిపించవు.

కార్డు వచ్చాక ఇంటి ఇన్సూరెన్స్ పాలసీ తీసి చదవండి. కలెక్టిబుల్స్‌కు అందులో పరిమితి తక్కువగా ఉండొచ్చు, అలాంటివాటికి విడిగా పాలసీలు దొరుకుతాయి. బ్యాంకు లాకర్లో పెట్టినా బ్యాంకు డిపాజిట్లకుండే ఎఫ్‌డీఐసీ రక్షణ దానికి వర్తించదు. ఎప్పుడైనా ఇండియాకు తిరిగి వెళ్లే ఆలోచన ఉంటే, హైదరాబాద్‌లో దీన్ని కొనేవాళ్లు దొరకడం కష్టం, ఇక్కడుండగానే అమ్మాలో ఉంచుకోవాలో తేల్చుకోండి.

వేలం రోజు సాయంత్రం భోజనానికి ముందే, ఆవిడ పక్కనుండగా, 4,600 మీ గరిష్ఠ పాటగా పెట్టేసి లాగౌట్ అవ్వండి. సిస్టం మీ తరఫున అంతదాకా పాడుతుంది. అంకె మార్చాలనిపిస్తే నాకు ముందు రాయండి. రాత్రి పది దాటాక మాత్రం వద్దు.