సీలు వేసిన ఆ డబ్బా జాగ్రత్త, అమ్మా!

ప్రశ్న: లాయర్ గారూ, మా ఆయన 18 ఏళ్లుగా హైవే మీద పెట్రోల్ బంక్ నడుపుతున్నారు. ప్రభుత్వరంగ ఆయిల్ కంపెనీది. జనవరిలో తనిఖీకి వచ్చి డీజిల్ శాంపిల్ తీశారు. అది ల్యాబ్‌లో ఫెయిలైందని నోటీసిస్తే జవాబు రాశాం. పోయిన వారం డీలర్‌షిప్ రద్దు చేశామని లెటర్ వచ్చింది. పరీక్ష ఎప్పుడు చేశారో మాకు చెప్పనేలేదు. అగ్రిమెంట్‌లో ఆర్బిట్రేషన్ (గొడవను కోర్టు బయట మధ్యవర్తి తేల్చడం) ఉంది కాబట్టి కోర్టుకు వెళ్లకూడదంటున్నారు. టెన్షన్‌తో మా ఆయన అన్నం కూడా తినడం లేదు. బంక్ మళ్లీ మాకు దక్కుతుందా?
- ఒక సోదరి, మదనపల్లె

జవాబు: అమ్మా, ముందు శాంపిల్ తీసిన రోజు అదే డీజిల్ కొంత పోసి సీలు వేసి మీకిచ్చిన అల్యూమినియం డబ్బా ఎక్కడుందో చూడండి. వేడి తగలని గదిలో పెట్టి తాళం వేయండి. ఒకాయన ఇలాంటి డబ్బానే తువ్వాల్లో చుట్టి నా ఆఫీసుకు తెచ్చారు. వాళ్లబ్బాయి ఆత్రంకొద్దీ సీలు విప్పి డెన్సిటీ (సాంద్రత) కొలిచే హైడ్రోమీటరు ముంచి చూశాడట. డెన్సిటీ సరిగ్గానే ఉంది. కానీ సీలు పోయాక అందులో ఏముందంటే ఎవరు నమ్ముతారు? ఆ పెద్దాయన ముఖం నేనింకా మరిచిపోలేదు.

ఇక అగ్రిమెంట్ తీయండి. కారణం చెప్పకుండా 30 రోజుల నోటీసుతో ఎవరైనా ఒప్పందం ముగించవచ్చనే క్లాజు ఉందా? ఉంటే ఆర్బిట్రేషన్‌లో బంక్ తిరిగి రావడం కష్టం. 1990లో అమృత్‌సర్ గ్యాస్ సర్వీస్ కేసులో, రద్దు తప్పని తేల్చిన ఆర్బిట్రేటర్ (మధ్యవర్తి) గ్యాస్ ఏజెన్సీ తిరిగి ఇమ్మన్నారు. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అలా ముగించదగ్గ ఒప్పందాన్ని నిలబెట్టడానికి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం వీలివ్వదని, 30 రోజుల నష్టపరిహారమే వస్తుందని చెప్పింది. ఏళ్ల తరబడి పడ్డ కష్టానికి నెల రోజుల లెక్క! ఆ తీర్పు చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

అయితే కోర్టుకు వెళ్లకూడదన్న మాట నిజం కాదు. మీది ప్రభుత్వరంగ కంపెనీ కాబట్టి హైకోర్టులో రిట్ (ప్రభుత్వ సంస్థల నిర్ణయాన్ని నేరుగా సవాలు చేసే పిటిషన్) వేయవచ్చు. హర్‌బన్స్‌లాల్ సహానియా కేసులో ఆర్బిట్రేషన్ క్లాజు ఉన్నా సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని డీలర్‌షిప్ రద్దును కొట్టేసింది. 2010లో సూపర్ హైవే సర్వీసెస్ కేసు మీకు ఇంకా దగ్గరిది. శాంపిల్ పరీక్ష గురించి డీలర్‌కు నోటీసు అందిందని కంపెనీ చూపలేకపోయింది, రద్దు చెల్లలేదు. మీరు చెప్పేదీ అదే కదమ్మా. అందుకే రిట్‌లో ఆ మాటే ముందు రాయించండి.

డెన్సిటీ రిజిస్టరు, ఇన్‌వాయిస్‌లు, ఆ లోడు దిగినప్పుడు ట్యాంకర్ నుంచి తీసిపెట్టిన శాంపిల్, ఇవన్నీ లాయరుకు చూపండి. లోడే అలా వచ్చిందేమో తేల్చడానికి ట్యాంకర్ శాంపిల్‌ను కూడా పరీక్షించమని కంపెనీకి ఈరోజే రాతపూర్వకంగా అడగండి. ఆలస్యం చేస్తే బంక్‌ను వేరేవాళ్లకు అప్పగిస్తారు, అప్పుడు పని ఇంకా చిక్కవుతుంది.

కంపెనీవాళ్లు స్వాధీనం చేసుకోవడానికి వస్తే గొడవ పడకండి. డిప్ రాడ్ (ట్యాంకులో సరుకు మట్టం కొలిచే కడ్డీ) వేయించి ప్రతి ట్యాంకులో ఎంత సరుకుందో కాగితం మీద రాయించి, వాళ్ల సంతకం తీసుకోండి. ఆ సరుకుకు మీరు డబ్బు కట్టారు.