వరిలో ఆకు కొనలు మాడుతున్నాయి, జిప్సం ఎంత వేయాలి?

ప్రశ్న: మాది కడప జిల్లా చాపాడు మండలం. మూడెకరాల్లో బీపీటీ 5204 (సాంబ మసూరి) నాటి 25 రోజులైంది. కేసీ (కర్నూలు–కడప) కాలువ నీళ్లు రానప్పుడు బోరు నీళ్లు పెడుతున్నాం. మడిలో అక్కడక్కడా పైరు గిడసబారి, ఆకుల కొనలు తెల్లబడి మాడుతున్నాయి. గెనిమల (మడి గట్ల) మీద తెల్లటి పొర కడుతోంది. ఎండాకు తెగులని షాపులో ఇచ్చిన మందు రెండుసార్లు కొట్టినా తగ్గలేదు. ఇప్పుడు చౌడుకు జిప్సం వేయమంటున్నారు. ఎకరాకు ఎన్ని బస్తాలు వేయాలి? – ఒక రైతు

జవాబు: ఒక్క బస్తా కూడా ఇప్పుడే కొనకండి.

ఎండాకు తెగులైతే ఆకు అంచుల వెంబడి అలలు అలలుగా పసుపు రంగు దిగుతుంది, పొద్దున్నే ఆకు మీద పాల లాంటి జిగురు బొట్లు కనిపిస్తాయి. గెనిమ మీద తెల్లపొర కట్టదు. మీ లక్షణాలు పాల చౌడువి, అంటే నేలలో ఉప్పు చేరింది. రెండుసార్లు కొట్టిన మందూ దండగే. మడి గట్టు ఎక్కనివాళ్లు, ఆకు చూసి డబ్బా చేతిలో పెడితే తీసుకోవడం మానండి.

జిప్సం కారు చౌడుకు మందు. ఉదజని సూచిక (పీహెచ్) 8.5 దాటి, సోడియం పేరుకుని, ఆరితే రాయిలా బిగిసి, నీరు ఇంకని నేలకు వేయాలి. పాల చౌడుకు వేస్తే ఉన్న ఉప్పుకు ఇంకాస్త కలిపినట్టు.

ఇప్పుడున్న పైరుకు: కాలువ నీళ్లు వచ్చిన రోజు మడిలోని పాత నీటిని మురుగు కాలువలోకి పూర్తిగా వదిలి, కొత్త నీళ్లు పెట్టండి. వారం పది రోజులకోసారి ఇలా మార్చండి. మడి ఆరనివ్వొద్దు, ఆరితే ఉప్పు పైకి లేస్తుంది. యూరియా చల్లబోయే ముందే నీళ్లు మార్చుకోండి. చల్లాక నాలుగైదు రోజులు నీళ్లు బయటకు వదలొద్దు. ఆకుల మీద తుప్పు మచ్చలు కూడా ఉంటే అది జింకు లోపం, జింకు సల్ఫేట్ లీటరు నీటికి 2 గ్రాములు కలిపి, 5 రోజుల తేడాతో రెండు మూడుసార్లు పిచికారీ చేయండి. పురుగుమందులతో కలపొద్దు.

నాకు అసలు అనుమానం మీ బోరు మీద. అందులోనే ఉప్పుంటే మట్టిని ఎంత కడిగినా మళ్లీ మొదటికే వస్తుంది. బోరును అరగంట ఆడించి, అదే నీటితో సీసా కడిగి, లీటరు నీళ్లు పట్టండి. మట్టిని మాడిన చోట ఒకటి, పైరు బాగున్న చోట ఇంకొకటి వేర్వేరుగా తీయండి. రెండూ కలిపి ఒకే సంచిలో తెచ్చేవాళ్లే ఎక్కువ, ఆ రిపోర్టు ఎందుకూ పనికిరాదు. ఇవి ఊటుకూరు కేవీకే (కృషి విజ్ఞాన కేంద్రం)లో గానీ మీ రైతు సేవా కేంద్రంలో గానీ ఇచ్చి ఎక్కడ పరీక్ష చేయించాలో అడగండి.

వచ్చే పంటకాలానికి ముందు మురుగు కాలువ తీసుకోండి, అది లేకుండా కడగడం కుదరదు. మడిని చిన్న కయ్యలుగా చేసి, నాలుగైదు అంగుళాల నీరు పెట్టి, రెండు మూడు రోజులుంచి వదలండి. ఇలా మూడు నాలుగుసార్లు చేయాలి. జీలుగు ఎకరాకు 10–12 కిలోలు చల్లి పూతకు రాగానే కలియదున్నండి. దమ్ములో (నాటే ముందు బురదగా దున్నేటప్పుడు) జింకు సల్ఫేట్ ఎకరాకు మామూలు 20 కిలోలకు రెట్టింపు, 40 కిలోలు వేయాలి. భాస్వరం ఎరువుతో పాటు వేయొద్దు, మూడు రోజులు తేడా ఉండాలి. ముదురు నారు, కుదురుకు నాలుగైదు మొక్కలు, దగ్గర దగ్గరగా నాటండి. చౌడును తట్టుకునే ఎంసీఎం 100 లాంటి వరి రకాలు ఉన్నాయి. సాంబకున్న ధర రాదంటారు, తెలుసు. మాడిన ముక్క వరకైనా వేసి చూడండి.

రిపోర్టులు రెండూ రాగానే అందులోని అంకెలు రాసి పంపండి. జిప్సం కావాలో వద్దో, కావాలంటే ఎంతో అప్పుడు చెబుతాను.