అలుగు పొలుసుల్లోంచి ఒక హీరో

ప్రశ్న: నమస్తే అండి. మా అబ్బాయికి తొమ్మిదేళ్లు, ఎప్పుడు చూసినా కామిక్స్ గీస్తూనే ఉంటాడు. కానీ వాడి క్యారెక్టర్లన్నీ ఒకేలా ఉంటాయి, అదే ముళ్ల జుట్టు, అదే కేప్, టీవీలో చూసినవే పేరు మార్చి గీసేస్తాడు. లైబ్రరీ నుంచి డ్రాయింగ్ నేర్పే పుస్తకాలు తెచ్చిస్తే ఇప్పుడు వాటిలో బొమ్మలే దింపుతున్నాడు. ఏ పుస్తకాలు తెస్తే సొంత ఐడియాలు వస్తాయి?

జవాబు: ఆ వయసులో చూసింది దింపడం తప్పేం కాదండి, చెయ్యి తిరగాలంటే అది కూడా కావాలి, కాబట్టి ఆ పుస్తకాలు లాగేసుకోకండి. కాకపోతే ఈసారి డ్రాయింగ్ అరల వైపు కాకుండా జంతువులు, పురుగులు, సముద్రం, పాతకాలం బట్టలు, యంత్రాలు ఇలాంటివి ఉండే వైపు తీసుకెళ్లండి. డ్యూయీ నంబర్లు, అంటే విషయాన్ని బట్టి పుస్తకాలకి వేసే నంబర్లు, వాడే లైబ్రరీ అయితే ఇంకా సులువు, కామిక్స్ 741.5 దగ్గర ఉంటాయి, మీరు జంతువులకి 590, పక్షులకి 598, బట్టలకి 391 దగ్గర ఆగండి. వేరేవాళ్లు గీసిన క్యారెక్టర్‌ని చూస్తే మళ్లీ అలాంటిదే వస్తుంది, అదే ఒక నిజమైన జీవి ఎలా బతుకుతుందో చదివితే వాడి బుర్రలో ప్రశ్నలు మొదలవుతాయి.

అలుగునే (పాంగోలిన్) తీసుకోండి. దాని పొలుసులు మన గోళ్లలో ఉండే కెరాటిన్‌తోనే తయారవుతాయి, దానికి పళ్లుండవు, పొడవాటి నాలుకతో చీమల్ని పట్టుకుంటుంది, భయమేస్తే బంతిలా చుట్టుకుపోతుంది. ఇప్పుడు మీవాణ్ణి అడగండి, ఒంటినిండా కవచం ఉన్న హీరో మహా భయస్తుడు, ఫైట్ మధ్యలో చుట్టుకుపోతే ఏమవుతుందిరా అని. ఇంక మీరేం చెప్పక్కర్లేదు, వాడే చెప్తాడు, కథ కూడా అక్కడే మొదలైపోతుంది. గుడ్లగూబ కళ్లు గుంటల్లో కదలవు, అందుకే తలని 270 డిగ్రీల దాకా తిప్పుతుంది, అలాంటి డిటెక్టివ్ ఓరగా చూడలేడు కదా, ప్రతిసారీ తల మొత్తం తిప్పాలి, అంటే వాడు ఎవరిని అనుమానిస్తున్నాడో అందరికీ తెలిసిపోతుంది! సన్యాసి పీత ఖాళీ నత్తగుల్లలో కాపురం పెట్టి, పెరిగేకొద్దీ ఇంకా పెద్ద గుల్లలోకి మారుతుంది, దాంతో కథ కథకీ వేషం మారే క్యారెక్టర్ దొరికినట్టే.

ఒక్కటి మాత్రం పట్టుబట్టి చేయించండి. పుస్తకం తెరిచిపెట్టుకుని గీయనివ్వొద్దు. ముందు చదవాలి, పుస్తకం మూసి, గుర్తున్న మూడు విషయాలు మాటల్లో చెప్పాలి, ఆ మాటల్లోంచి గీయాలి. గోళ్లెలా ఉంటాయి, తోక ఎంత పొడవు అని డౌటొస్తే అప్పుడు తెరిచి చూసుకోవచ్చు. మర్చిపోయిన చోట వాడు సొంతంగా ఏదో కల్పిస్తాడు చూడండి, నాకు చాలా ఇష్టమైన భాగం అదే. తర్వాత రెండో పుస్తకంలోంచి ఒక్క వస్తువు కలపమనండి, పాతకాలం టోపీయో, బూట్లో, అంతే. రెక్కలు, మంటలు, కత్తి, తోక అన్నీ ఒకళ్లకే తగిలిస్తే ఏదీ కంటికి ఆనదు.

ఇంకో సంగతి, కామిక్ అంటే ఒకే మనిషిని పేజీకి ఐదారుసార్లు గీయాలి కదా. పొలుసులన్నీ విడివిడిగా గీయాల్సిన అలుగైతే రెండో పేజీకే విసుగొచ్చేస్తుంది, భుజాల మీద మూడు వరసలు చాలు. అదే క్యారెక్టర్‌ని ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి ఒక కాగితం మీద గీసి దగ్గర పెట్టుకుంటే పేజీ మారినా రూపం మారదు. ఆ తర్వాత బొమ్మ మొత్తం నల్లగా నింపేసి, ఆ నీడ చూసి ఎవరో గుర్తుపట్టగలరా అని ఇంట్లోవాళ్లని అడగమనండి, గుర్తుపట్టకపోతే రంగులు మార్చి లాభం లేదు, ఆకారమే మార్చాలి.

ప్రశ్న: మా పాప లైబ్రరీ పుస్తకంలో ఫొటో చూసి గీసిన బొమ్మని స్కూల్ మ్యాగజైన్‌కి ఇస్తానంటోంది. అది కాపీ అవుతుందా?

జవాబు: ఆక్టోపస్‌కి మూడు గుండెలు, నీలం రక్తం ఉంటాయన్న విషయం ఎవరి సొత్తూ కాదు, దాంతో ఎన్ని క్యారెక్టర్లైనా చేసుకోవచ్చు. కానీ ఆ ఫొటో, అంటే అదే భంగిమ, అదే కోణం, తీసినవాళ్లది. ఇంట్లో ప్రాక్టీస్ కోసం చూసి గీసుకుంటే పర్లేదు, అచ్చుకి ఇచ్చేటప్పుడు మాత్రం రెండు మూడు పుస్తకాల్లో అదే జీవిని చూసి, వేరే భంగిమలో తన క్యారెక్టర్‌గా గీయమనండి. ఇంకోటి, పేజీ మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో నొక్కి గీస్తే పుస్తకంలో గాట్లు పడతాయి, తర్వాత తీసుకునే పిల్లలకి ఆ పేజీ పాడైపోతుంది, అది మాత్రం చేయనివ్వకండి.