ఏపుగా పెరిగినా పూయని గులాబీ

ప్రశ్న: కుండీలో అంటు గులాబీ మొదట బాగా పూసింది. ఇప్పుడు పొడవాటి కొమ్మలేగానీ మొగ్గ లేదు. ఎరువు చాలలేదా?

జవాబు: ముందు ఎరువు సంగతి పక్కన పెట్టి, మొక్క మొదలు దగ్గర బుడిపెలా ఉబ్బిన అంటు చోట చూడండి. కొమ్మలు దానికి దిగువ నుంచి వస్తుంటే అవి వేరుమొక్కవి, అంటే గులాబీని అంటుకట్టిన కింది మొక్కవి. పైనున్న గులాబీ తిండి అవే తినేస్తాయి. కత్తిరిస్తే మళ్లీ పుట్టుకొస్తాయి. మట్టి తప్పించి, పుట్టిన చోటు నుంచే కిందికి లాగి పీకేయాలి. ఒక్కో కాడకు ఏడేసి ఆకులుంటే వేరుమొక్క కొమ్మేనంటారు, నమ్మకండి. మంచి రకాలకూ ఏడాకులు వస్తాయి.

కొమ్మలు అంటుపై నుంచే వస్తుంటే ఎండ చూడండి, రోజుకు 6 గంటలైనా తగలాలి. నత్రజని ఎక్కువైనా ఆకే తప్ప పువ్వుండదు. వాడిన పూలను, బయటివైపు తిరిగిన కన్నుకు (చిగురు వచ్చే చోటుకు) అర సెంటీమీటరు పైన ఏటవాలుగా కోయండి.

ప్రశ్న: కొమ్మలు నాటి మొక్కలు అమ్మవచ్చా?

జవాబు: పూసి వాడిన కొమ్మ నుంచి పెన్సిల్ మందాన, 15 సెంటీమీటర్ల ముక్క తీసుకోండి. పై రెండాకులు ఉంచి, కింది కన్ను దిగువన కోసి, ఇసుక కలిపిన మట్టిలో సగం దాకా గుచ్చండి. తడి ఎక్కువైతే మొదలు నల్లబడి కుళ్లుతుంది. వేళ్లకు 4 నుంచి 8 వారాలు పడుతుంది. ఈలోగా చిగురు కనిపించిందని పీకి చూడకండి. వేరొకరి పేరిట హక్కులు రిజిస్టరైన రకాలను మాత్రం అనుమతి లేకుండా అమ్మకూడదు.